కొండమీద బస

ధ్యాన భాగము: ఆదికాండము 13:5–18



వేసవి సెలవులకు గాని, వానలు పడి కొండలు పచ్చబడినప్పుడు గాని మన ఇబ్రహీంపట్నము ప్రాంతపు కుటుంబములు కొన్ని కూడి, వికారాబాదు దగ్గరనున్న అనంతగిరికి వెళ్లివచ్చుచున్నవి. ఇది తప్పు కాదు. అలసిన శిష్యులను ప్రభువే విశ్రాంతి కొరకు ఏకాంత స్థలమునకు తీసికొనిపోయెను (మార్కు 6:31, 32). అయితే అక్కడ బస ఎక్కడ అని ఆలోచించునప్పుడు మనము మొదట అడుగునదేమి? కిటికీలోనుండి లోయ కనబడునా అనియే గదా! ఈ చిన్న ప్రశ్నలో మన హృదయము బయలుపడుచున్నది.

పశువులు విస్తరించి కాపరులకు కలహము కలిగినప్పుడు, పెద్దవాడైన అబ్రాము స్థలమును కోరుకొను హక్కును చిన్నవాడైన లోతునకు విడిచెను. లోతు నీళ్లు సమృద్ధిగా నున్న యొర్దాను మైదానమును చూచి దానినే కోరుకొనెను. కంటికది మంచి చోటే. అక్కడి మనుష్యులెట్టివారో, తన ఇంటివారి గతి యేమగునో అతడు విచారింపలేదు. తుదకు అంతయు పోగొట్టుకొని ఒక కొండగుహలో తలదాచుకొనెను (ఆది. 19:30). అబ్రాము మిగిలిన వైపునకు వెళ్లి, హెబ్రోను కొండసీమలో మమ్రే చెట్ల దగ్గర గుడారము వేసికొనెను. అక్కడనే ఒకనాడు ఎండవేళ ముగ్గురు బాటసారులను చూచి ఎదురు పరుగెత్తి, కాళ్లకు నీళ్లిచ్చి భోజనము పెట్టెను. తనకొరకు కోరుకొనని చోటు ఇతరులకు నీడనిచ్చు చోటాయెను.

నా తప్పొకటి ఒప్పుకొందును. కొన్ని సంవత్సరముల క్రిందట మేము ఇంటిల్లిపాదియు అనంతగిరికి వెళ్లితిమి. లోయ కనబడవలెనని పట్టుబట్టి మేడమీది గదులు తీసికొంటిని. తెల్లవారుజామున పొగమంచు చూచుటకు క్రిందికి దిగగా, మమ్మును తీసికొనివచ్చిన డ్రైవరు కారు ముందు సీటులో కాళ్లు ముడుచుకొని, ముఖముమీద తువ్వాలు కప్పుకొని పడుకొనియుండెను. దోమలు ముసురుచుండెను. "రాత్రి బత్తా ఇచ్చుచున్నాను గదా" అని నా మనస్సు నన్ను సమర్థించెను. గాని నా పిల్లలను ఆ ఘాటురోడ్డు మీదుగా క్షేమముగా దించవలసినవాడు అతడే. మా అమ్మయు మోకాళ్ల నొప్పితో మెట్లు దిగలేక, రెండు దినములును గదిలోనే గడిపెను.

విశ్రాంతిదినపు ఆజ్ఞ యజమానునికి మాత్రమే ఇయ్యబడలేదు. అతనివలెనే దాసుడును దాసియు విశ్రమింపవలెనని ద్వితీయోపదేశకాండము 5:14 బోధించుచున్నది. మన పని చేయువానికి లేని విశ్రాంతి దేవుడు ఆజ్ఞాపించిన విశ్రాంతి కాదు. డబ్బు నాది, ఇష్టము నాది అని ఒకరనవచ్చును. అబ్రామునకును హక్కు కలదు. హక్కుండియు విడిచెను గనుకనే అతని విశ్వాసము కనబడెను.

ఆ కొండకును ఒక సాక్ష్యమున్నది. నిజాం పాలనలో అక్కడ క్షయరోగులకొరకు ఆరోగ్యాలయము ఏర్పడెను. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడువరకు క్షయను అణచు మందు లేదు. మంచి గాలి, ఆహారము, విశ్రాంతి, ఇవియే ముఖ్య చికిత్స. ఇతరులు దగ్గరకు పోవుటకు భయపడిన రోగులకు ఆ కొండ చోటిచ్చెను. మనము సరదాగా పీల్చు గాలిని బలహీనుల మేలుకొరకు కోరుకొనినవారు అక్కడ ఉండిరి.

కాబట్టి ఈసారి బస కుదుర్చుకొనునప్పుడు మూడు సంగతులు ముందుగా అడుగుదము. మెట్లెక్కలేనివారికి క్రింది గది ఉన్నదా? డ్రైవరునకు మంచము, స్నానమునకు నీళ్లు దొరకునా? పలు కుటుంబములు కలిసి వెళ్లినయెడల, అందరికంటె తక్కువ రాబడి గలవారు ఆ ఖర్చు భరింపగలరా? ఈ సంగతి పదిమందిలో అడిగి వారిని సిగ్గుపరచవద్దు. ముందే ఒంటరిగా తెలిసికొని, ఆ లెక్కకు తగిన చోటు చూడుడి. ఆ తరువాత కిటికీ సంగతి అడుగవచ్చును.

లోయ కనబడని గది దొరికినను చింత లేదు. లోతు తనకు నచ్చినది తీసికొని వెళ్లిన తరువాతనే గదా దేవుడు అబ్రామునకు నాలుగు దిక్కులును చూపించెను!

ప్రార్థన: ప్రభువా, మాతో ప్రయాణము చేయువారిలో అల్పుడైనవానికి మొదట చోటు చూచు మనస్సు మాకు దయచేయుము. ఆమేన్.