నివురు కింద నిప్పు

బంగారుతల్లీ,

పండగ ముందు అటక మీది పాత పరుపులు దులుపుతానని ఎక్కావు. పది నిమిషాల్లో వరస తుమ్ములు, రాత్రికి పిల్లికూతలు. "నెల నుంచీ బాగానే ఉందిగా తాతయ్యా, అందుకే రోజూ పీల్చే మందు మానేశా" అన్నావు. నా బాధంతా ఆ మాటతోనే.

నీ ఊపిరిగొట్టాల గోడల్లో మాస్ట్ కణాలని ఉంటాయి. 1878లో పాల్ ఎర్లిక్ అనే 24 ఏళ్ల కుర్రాడు రంగులద్ది చూస్తే వాటి నిండా గింజలు కనిపించాయి. బాగా మేసి బలిశాయనుకుని జర్మన్‌లో ఆ పేరు పెట్టాడు. అది మేత కాదు, హిస్టమిన్ లాంటి మందుగుండు. నీకు పడని దుమ్ముపురుగుల కోసం తయారైన ఐజీఈ యాంటీబాడీలు ఆ కణాలకు ముందే అతుక్కుని ఉంటాయి. వాటికి పరుపులోని నలుసు తగిలిందా, కణం గింజల్ని కక్కేస్తుంది.

ఈ కక్కుడికి కళ్లెం వేసేవాటిలో వాయువులూ ఉన్నాయి. తలుపులు మూసిన గదిలో కుంపటి పెడితే మనిషిని చంపే కార్బన్ మోనాక్సైడే, పాత ఎర్ర రక్తకణాల్లోని హీమ్ విరిగేటప్పుడు మన ఒంట్లోనూ రవ్వంత పుడుతుంది. ప్రయోగశాలలో అదీ, నైట్రిక్ ఆక్సైడూ మాస్ట్ కణాల దూకుడు తగ్గించాయి. కుళ్లిన గుడ్డు కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ మాత్రం ఒకచోట అణచింది, ఒకచోట రెచ్చగొట్టింది. వెల్లుల్లి నుంచి అది మన రక్తంలో పుడుతుందన్నది నిజమే. చారులో శుభ్రంగా వేసుకో, మందుకు బదులనుకోకు.

అసలు తిరకాసు నైట్రిక్ ఆక్సైడ్‌ది. కొద్దిగా ఉంటే కాపలాదారు. అలర్జీ వాపు ఉన్నప్పుడు మాత్రం ఊపిరిగొట్టాల లోపలి పొర దాన్ని ఎడాపెడా తయారుచేస్తుంది. అందుకే డాక్టరుగారు నీ చేత గొట్టంలోకి పది సెకన్లు ఒకే తీరున ఊదించారు. ఊపిరిలో ఆ వాయువు ఎంతుందో కొలిచే ఫీనో పరీక్ష అంటే అదే. పెద్దవాళ్లలో 100 కోట్ల పాళ్ల గాలికి 25 లోపుంటే ఆ రకం వాపు ఉండకపోవచ్చు, 50 దాటితే ఉన్నట్టే లెక్క. ఆయాసమే లేని రోజున నీది 68 వచ్చింది! నివురుగప్పిన నిప్పంటే ఇదే కదమ్మా.

ఆయాసం వచ్చినప్పుడు పీల్చే మందు గొట్టాల్ని తెరుస్తుందే తప్ప ఆ నిప్పును ఆర్పదు. ఆర్పేది రోజువారీ మందులోని స్టెరాయిడ్. ఆ మాట వినగానే బెదిరిపోకు, అది మైక్రోగ్రాముల్లో ఉంటుంది, పీల్చాక నోరు పుక్కిలిస్తే చాలు. తగ్గించాలో మానాలో డాక్టరుగారు చెబుతారు, నువ్వు కాదు.

మళ్లీ ఊదడానికి వెళ్లే రోజు పొద్దున బీట్‌రూట్ కూర తినకు, అంకె పెరుగుతుంది. వెళ్లొచ్చి ఎంత వచ్చిందో ఫోన్ చెయ్యి. అటక సంగతి నేను చూసుకుంటాలే.