ఊకనే ఒక చుట్టు

"ఎటు పోతున్నరు అత్తమ్మా, పొద్దుగాల్నే?" అని అడిగింది మా కోడలు, పాలగిన్నె దించుతూ.

"అడవికి" అన్నాను.

"ఏం తేనీకి?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. "ఏం లేదు బిడ్డా, ఊకనే" అంటూ మా అబ్బాయి పాత బూట్లు తొడుక్కున్నాను.

మా సిద్దిపేటలో ఈ 'ఊకనే' అన్న మాటని మగవాళ్ళు రోజుకి పదిసార్లు వాడతారు. ఊకనే బజారుకి వెళ్తారు, ఊకనే చౌరస్తాలో నిలబడతారు. అదే మాట ఆడవాళ్ళ నోట వస్తే ఇంట్లోవాళ్ళు గడియారం వంక చూస్తారు. మనం గడప దాటితే చేతిలో సంచో, పూజపళ్ళెమో, పిల్లవాడి చెయ్యో ఉండాలి. ఉత్త చేతులతో వెళ్ళి ఉత్త చేతులతో తిరిగి రావడం తప్పా, ఒప్పా? మీరే చెప్పండి.

అడవి అన్నానని భయపడకండి. ఎక్కాల్సిన కొండలేవీ లేవు. మా సిద్దిపేట అర్బన్ పార్కు, తేజోవనం. గేటు దగ్గర మొదలుపెట్టి మట్టిబాట పట్టుకుని చుట్టి వస్తే మళ్ళీ గేటు దగ్గరికే చేరతాం. కొత్తగా నడక మొదలుపెట్టేవాళ్ళకి ఇంతకంటే సుళువైన దారి ఉండదు. ఒక సీసాడు మంచినీళ్ళు, జారని చెప్పులు చాలు. వానాకాలంలో మాత్రం బాట వదిలి గడ్డిలోకి దిగకూడదు, పురుగూ పుట్రా ఉంటాయి.

బతుకమ్మ పండగ ముందు రోజులు. తంగేడు పచ్చగా పూసి ఉంది. నాతో వచ్చిన పక్కింటి వదినె సగం దూరం నడిచాక ఆగి, "ఇంత తిరిగి మల్ల గేటుకాడికే పోతం గదా! ఇంక ఫాయిదా ఏంది?" అంది.

"బతుకమ్మ చుట్టూ గంటసేపు తిరుగుతాం. ఎక్కడికి పోతున్నాం వదినే?" అన్నాను.

"అది పండుగ. గుడి చుట్టు తిరిగితే పుణ్యం. దీనికేమొస్తది?"

ఆమె మాటా నిజమే. చుట్టూ తిరగడం మనకి కొత్తకాదు. కాకపోతే మధ్యలో దేవుడో, పండగో ఉండాలి. మధ్యలో ఏమీ లేని చుట్టు అంటేనే మనకి అనుమానం. నాకు మాత్రం ఆ ప్రశ్నకి అడవే జవాబు చెప్పిందనిపించింది.

మా జిల్లాలోనే గజ్వేల్ వైపు సింగాయిపల్లి అడవి ఉంది. ఒకప్పుడు పేరుకే అడవి, చూడబోతే పొదలు. 2015లో హరితహారం మొదలయ్యాక అక్కడ చేసిన పని మొక్కలు నాటడం ఒక్కటే కాదు. ఉన్న వేళ్ళని కాపాడారు. పశువులు చొరబడకుండా కందకాలు తవ్వారు, మోళ్ళని సాపుగా కోసి వదిలేశారు. మోదుగ, తునికి లాంటి చెట్లు నరికినంతమాత్రాన చావవు. భూమిలో వేళ్ళు బతికే ఉంటాయి. నరకడం మానితే చాలు, వాటంతటవే పిలకలు వేస్తాయి. అలా ఆ అడవి తిరిగొచ్చింది.

మన మనసూ అంతే కదా అనుకున్నాను. ఈ పని తరవాత ఆ పని అంటూ రోజూ నరుక్కుంటూ పోతే మోడే మిగులుతుంది. ఒక్క గంట ఏ పనీ చెప్పకుండా వదిలేస్తే ఎప్పటివో వేళ్ళు చిగురిస్తాయి. ఆ పొద్దున నాకు చిన్నప్పుడు మా అమ్మమ్మ చెప్పిన కథ ఒకటి, మొదలూ చివరా రెండూ గుర్తొచ్చాయి. ముప్ఫై ఏళ్ళుగా మొదలే గుర్తుంది.

ఈ సంబరంతో ఇంటికొచ్చాను. ఇల్లు ఊడ్చి ఉంది. ఉప్మా అయింది. మనవడికి స్నానమైంది. వారమంతా ఆఫీసుకి పోయే పిల్ల, దొరికిన ఒక్క ఆదివారం తెల్లారకముందే లేచి పొయ్యి దగ్గర నిలబడింది.

"ఏం తెచ్చిన్రు అత్తమ్మా?" అంది నవ్వుతూ. నాకు ఉప్మా గొంతు దిగలేదు.

అమెరికాలో థోరో అని ఒక రచయిత ఉండేవాడు. నడక మీద ఆయన రాసిన వ్యాసం ఆయన చనిపోయిన 1862లోనే అచ్చయింది. రోజుకి కనీసం నాలుగు గంటలు అడవుల్లో, పొలాల్లో తిరగకపోతే తన ఆరోగ్యం నిలవదన్నాడు. రోజంతా ఇంట్లో ఉండే ఆడవాళ్ళు ఎలా భరిస్తున్నారో అని అందులోనే ఆశ్చర్యపోయాడు. అప్పట్లో అది చదివి, "అయ్యా, ఆ నాలుగు గంటలూ పొయ్యి ఎవరు చూశారు?" అని అడగాలనిపించింది. ఇప్పుడు అదే ప్రశ్న నన్నే అడుగుతోంది.

వదిలేస్తే అడవి పెరుగుతుందన్నాను గానీ, అది సగం మాటే. ఎవరో కందకం తవ్వారు, ఎవరో కాపలా కాశారు. అప్పుడే వేళ్ళకి తీరిక దొరికింది. నా 'ఊకనే' కూడా ఊరికే రాలేదు. దాని చుట్టూ కందకమై నిలబడింది మా కోడలు. ఏమీ తేకుండా నడిచి రావడం తప్పేమీ కాదు. ఆ బరువు ఎవరి నెత్తిన పడిందో చూడకపోవడమే తప్పు.

"వచ్చే ఆదివారం నువ్వు పో బిడ్డా. పొయ్యి నేను చూసుకుంట" అన్నాను.

"నేనక్కడికి పోయి ఏం చెయ్యాలె?"

"ఏం చెయ్యకు."

మొదట నమ్మలేదు. ఆదివారం వచ్చేసరికి వెళ్ళింది. గంటన్నరకి గానీ రాలేదు. ఆలోగా ఇక్కడ పాలు పొంగిపోయాయి, మనవడు రెండుసార్లు ఏడ్చాడు. "ఇంత ఆలస్యమా?" అన్న మాట నోటి దాకా వచ్చింది. నాలిక కరుచుకున్నాను. ఎర్రబడ్డ ముఖంతో, బూట్లనిండా మట్టితో ఉత్త చేతులతో వచ్చింది. ఏం తెచ్చావని నేను అడగలేదు.

మూడో ఆదివారం వంతు ఎవరిదా అని ఇంట్లో కాసేపు చర్చ జరిగింది. మా అబ్బాయిదని తేల్చాం. అడవికి కాదు లేండి, పొయ్యి దగ్గరికి. ఆ రోజు అత్తాకోడళ్ళం ఇద్దరం కలిసి చుట్టి వస్తాం, ఊకనే.