వెన్నుగడ్డ, కర్మ, ప్రయత్నం

కార్డోమా వెన్నెముకలో, పుర్రె అడుగున పుట్టే అరుదైన ఎముక క్యాన్సర్. ఏటా 10 లక్షల మందిలో సుమారు ఒకరికి వస్తుంది. పిండదశలో వెన్నెముకకు పూర్వరూపంగా ఉండే నోటోకార్డు అవశేషాల నుంచి మెల్లగా పెరిగి నరాలను నొక్కుతుంది. నొప్పి, కాళ్లలో తిమ్మిరి, బలహీనత, మూత్రంపై పట్టు తప్పడం దాని ఫలితాలు.

ఇది పూర్వకర్మ ఫలమా? దివిసీమలో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడికి ఆరోగ్యం కోసం మొక్కేవారి మనసులో ఈ ప్రశ్న మెదలడం సహజం. ఆయుర్వేద గ్రంథమైన చరక సంహితలోని విమానస్థానం ఆయువును దైవం (పూర్వకర్మ), పురుషకారం (ఈ జన్మ ప్రయత్నం) రెండింటిపైనా నిలిపింది. బలమైన ప్రయత్నం దుర్బలమైన దైవాన్ని జయిస్తుందని చెప్పింది. కనుక కర్మ సిద్ధాంతం చికిత్స మానడానికి సాకు కాదు, రోగిని నిందించే హక్కూ ఇవ్వదు.

మొక్కు మొక్కుకోవచ్చు. కాళ్లు పట్టు తప్పినా, మూత్రం ఆగినా ఆ రోజే మచిలీపట్నంలోనో గుడివాడలోనో ఆసుపత్రికి చేరాలి. ఆలస్యమైతే పక్షవాతం శాశ్వతం కావచ్చు.