పొత్తిగుడ్డ మార్చు చేయి

ప్రాతఃకాలమున ఒక గృహస్థుడు స్నానము చేసి, విభూతి ధరించి, ఇష్టలింగమును వామకరమున నుంచుకొని పూజకు కూర్చుండెననుకొనుడు. ప్రక్కగదిలో మూడు నెలల శిశువు ఏడ్చుచున్నది. పొత్తిగుడ్డ తడిసినది. తల్లి నీళ్లకై కుళాయి కడకు పోయినది. ఆతడు పూజ నడుమ లేవవలెనా? లేక ముగియువరకు బిడ్డను ఏడువనీయవలెనా? ప్రశ్న అల్పముగా కన్పట్టును. కాని అనేక గృహములలో దీనికి సమాధానము ఆలోచన లేకయే జరిగిపోవుచున్నది: ఆతడు లేవడు, గొంతెత్తి భార్యను పిలుచును.

లేవకుండుటకు మైల కారణమని చెప్పుటకు వీలులేదు. లింగధారికి జాతి, జనన, రజస్, ఉచ్ఛిష్ట, ప్రేత సూతకములైదును లేవని శరణుల సిద్ధాంతము. ఎనిమిదవ మాసమున, గర్భస్థశిశువు నిమిత్తమై, గర్భిణికి లింగసంస్కారము జరుపు ఆచారమును కలదు. పుట్టకముందే లింగసంబంధము పొందిన శిశువును పుట్టిన పిదప అంటరానిదిగా నెట్లెంచవచ్చును? అట్లని మలము మలము కాకపోదు. పసిబిడ్డ మలమున దోషము లేదని పలువురు తలంతురు గాని అది పొరపాటు. అందును రోగక్రిములుండును. గుడ్డ మార్చిన చేతిని సబ్బుతో కడుగుకొనవలసినదే. అయితే కడిగినంతనే అది పోవును. సూతకమనునది నీటికి పోవు మురికి కాదు, మనిషిపై వేయు ముద్ర. శరణులు నిరాకరించినది ఆ ముద్రనే. పంచసూతకములు లేవని సభలలో పలుకు పెద్దలే, దినమునకు పదిసార్లు గుడ్డలు మార్చిన కోడలిని మరల తలస్నానము చేయక పూజగదికి రావలదనుట వింతగదా!

ఇక కాయకము మాట. కాయకమున మునిగినవాడు గురుదర్శనమునైనను లింగపూజనైనను మరువవలెనని ఆయ్దక్కి మారయ్య వచనమొకటి ప్రసిద్ధము. దీనికొక ఆక్షేపణ కలదు. కాయకము దాసోహమునకై చేయు శ్రమ. తన బిడ్డకు చేయునది మమకారము మాత్రమే, రెంటిని కలుపరాదని. ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. మమకారమే అయినచో అది తన బిడ్డ కడనే ఆగిపోవును. మంచము పట్టిన మామగారి పక్కగుడ్డ మార్చునపుడు ఆ చేయి వెనుదీయునా, లేదా అన్నచోట ఆ భేదము తేలును.

పాల్కురికి సోమనాథుని బసవపురాణమున బెజ్జమహాదేవి కథ చదువని వీరశైవ గృహములు తక్కువ. శివునకు తల్లి లేదే యని వగచి, తానే తల్లియై ఆమె ఆయనకు శిశూపచారములు చేసెను. కవి వానిని భక్తికి అంతరాయమనలేదు, వానినే భక్తిగా పాడెను. ఈ కథను చూపి శిశుసేవ స్త్రీలదేయని తీర్పు చెప్పువారు అదే పురాణమందలి మడివాలు మాచయ్యను మరచుచున్నారు. పరుల బట్టలుతికిన ఆ పురుషునికి శరణులలో ఎట్టి గౌరవము దక్కెనో ఎల్లరెరుగుదురు.

పూర్వము నలిగి మెత్తబడిన పంచెలు, చీరలు చింపి పొత్తిగుడ్డలు చేసెడివారు. ఉతికి ఎండలో ఆరవేసెడివారు. నేడు డైపరు వచ్చినది. ప్రయాణములందును, ఉద్యోగము చేయు తల్లులకును అది మేలే, నిందింప పనిలేదు. కాని లోని పీల్చుపొడియు, వెలుపలి ప్లాస్టిక్కు పొరయు మట్టిలో సులభముగా కలిసిపోవు. వాడినదానిని పొట్లముగా చుట్టి పొడిచెత్త బుట్టలో వేయవలెనని 2016 నాటి ఘనవ్యర్థ నిర్వహణ నియమములు అప్పట్లో ఆదేశించియుండినవి. అయినను దానిని కూరతొక్కలలో కలిపి పారవేయు ఇండ్లెన్నో! ఆ బుట్టను కుమ్మరించి, చేతితో వేరుచేయువాడు పారిశుద్ధ్య కార్మికుడు. తండ్రి తాకనిది, తల్లి ఉతుకనవసరము లేనిది, తుదకాతని చేతికి చేరును. ఆతనిని గడప వెలుపలనే నిలిపి, చెంబుతో ఎత్తి నీళ్లు పోయు గృహమున జాతిసూతకము లేదని ఎవరనగలరు?

పూజలోని గృహస్థుడు లేవవచ్చును. ఇష్టలింగమును లింగకాయలో భద్రపరచి, తడిగుడ్డ తీసి, బిడ్డను తుడిచి, పొడిగుడ్డ చుట్టుటకు ఎంతసేపు పట్టును? చేతులు కడుగుకొని వచ్చునప్పటికి విడిచిన పత్రి పళ్లెములో అట్లే యుండును. తల్లి బిందెతో తిరిగివచ్చుసరికి శిశువు నిద్రించుచుండును.