నెత్తుటిలో గుర్తు: ఫంగల్ సెప్సిస్, అనుమాన ప్రమాణం

ఇన్‌ఫెక్షన్‌ను ఎదుర్కోబోయి శరీరం అదుపు తప్పి, ఆ విపరీతానికి సొంత అవయవాలే దెబ్బతిని ప్రాణం మీదికి వచ్చే స్థితిని సెప్సిస్ అంటారు. 2016లో ఖరారైన అంతర్జాతీయ నిర్వచనం సారం ఇదే. కారణం ఎక్కువసార్లు బ్యాక్టీరియా; కొన్నిసార్లు ఫంగస్, అందులోనూ ముఖ్యంగా కాండిడా. మంచం పక్కన నిలబడి చూస్తే రెండింటికీ తేడా దొరకదు. అదే జ్వరం, అదే పడిపోయే బీపీ, అదే తగ్గిపోయే మూత్రం. మందులు మాత్రం వేరు. యాంటీబయాటిక్ ఫంగస్‌ను ఏమీ చేయదు సరికదా, పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను చంపి కాండిడాకు చోటు చేస్తుంది. నెత్తుటిని కల్చర్‌కు పంపితే ఫంగస్ పెరగడానికి సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది. లోపలి అవయవాల్లో దాగిన కాండిడాను కూడా లెక్కలో వేస్తే, కల్చర్‌కు చిక్కేవి సుమారు సగం కేసులే. అందువల్ల ఫంగస్‌ను కాక, అది నెత్తుటిలో విడిచిన ఆనవాళ్లను వెతకడం మొదలైంది. ఆ ఆనవాళ్లే బయోమార్కర్లు. కంటికి కనబడని దాన్ని కనబడే గుర్తుతో తెలుసుకోవచ్చా, తెలుసుకున్నా దాన్ని నమ్మి ఎంతదూరం నడవవచ్చు అన్న ప్రశ్న మాత్రం ల్యాబుల కంటే చాలా పాతది.

తెలుగు వ్యవహారంలో అనుమానం అంటే సందేహం. డాక్టరు రోగి బంధువులతో “ఫంగస్ అనుమానంగా ఉంది” అంటే ఇంకా తేలలేదని అర్థం. తర్కశాస్త్రంలో అదే మాట దాదాపు తలకిందులవుతుంది: అక్కడ అనుమానం ఒక ప్రమాణం, నిశ్చయమైన జ్ఞానానికి దారి. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం, తర్కం నేర్చుకునేవారికి ఈనాటికీ తొలిమెట్టు. అందులో ప్రమాణాలు నాలుగు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. కొండ మీద పొగ కనబడింది కాబట్టి అక్కడ నిప్పు ఉంది అనడం అనుమానానికి పాత ఉదాహరణ. కొండ పక్షం, నిప్పు సాధ్యం, పొగ హేతువు లేదా లింగం. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్న విడదీయరాని సంబంధం వ్యాప్తి. బరువంతా ఈ వ్యాప్తి మీదే పడుతుంది.

కోనసీమలో ఈ పాఠం కొబ్బరికాయ చెబుతుంది. అంబాజీపేట, రాజోలు, కొత్తపేట పరిసరాల్లో కురిడీ కోసం కాయలను నెలల తరబడి అటకల మీద ఉంచుతారు. లోపలి నీరు ఇగిరి, కొబ్బరి చిప్పను వదిలి గుండుగా మారుతుంది. ఆరిందా లేదా అని కాయను పగలగొట్టి చూడరు; చెవి దగ్గర పెట్టి ఊపుతారు. లొడలొడలాడితే గుండు విడివడినట్టు. చప్పుడు లింగం, ఎండిన గుండు సాధ్యం. అయితే చప్పుడు చేసిన కాయలోనూ బూజు ఉండవచ్చు. అది తేలాలంటే పగలగొట్టాల్సిందే. కల్చర్, బయాప్సీ కాయను పగలగొట్టి చూడడం లాంటివి. నెత్తుటి బయోమార్కర్ ఊపి వినడం లాంటిది.

ఇప్పుడున్న లింగాల్లో ఎక్కువ చర్చకు వచ్చేది బీటా-డి-గ్లూకాన్. చాలా రకాల ఫంగస్‌ల కణ గోడలో ఉండే ఈ పిండిపదార్థం మనిషి కణాల్లో ఉండదు. అమెరికాలో 2004లో అనుమతి పొందిన పరీక్ష ప్రకారం మిల్లీలీటరుకు 80 పికోగ్రాములు, ఆపైన ఉంటే పాజిటివ్; 60 నుంచి 79 వరకు ఎటూ తేల్చరు. ఈ పరీక్షకు వాడేది గుర్రపునాడా పీత రక్తకణాల సారం. గ్లూకాన్ తగిలితే అందులో గడ్డకట్టే ప్రక్రియ మొదలవుతుంది. మనిషి నెత్తుటిని మరో ప్రాణి ద్వారా పరీక్షించడం వైద్యానికి కొత్త కాదు. చరకసంహిత విమానస్థానంలో, కారుతున్నది శుద్ధ రక్తమా, పిత్తంతో చెడిన రక్తపిత్తమా అన్న సందేహం వస్తే కుక్కకో కాకికో పెట్టి, అది తింటుందా లేదా అన్నదాన్ని బట్టి అనుమానించమని ఉంది. ఆ పద్ధతి ఈనాడు ఎవరికీ పనికిరాదు గానీ, కంటితో తేలని దాన్ని ఇంకో గుర్తుతో తేల్చాలన్న ఆలోచన మాత్రం అదే.

గ్లూకాన్ ఒక్కటే కాదు. ఆస్పర్‌జిల్లస్‌కు గాలక్టోమన్నాన్, కాండిడాకు మన్నాన్, దాని యాంటీబాడీలు ఉన్నాయి. బ్యాక్టీరియా సెప్సిస్‌లో బాగా పెరిగే ప్రోకాల్సిటోనిన్ కాండిడా సెప్సిస్‌లో తరచు అంతగా పెరగదు. అది వైద్యుడి ఆలోచనను ఫంగస్ వైపు తిప్పగలదు, తీర్పు చెప్పలేదు.

పరీక్ష తప్పినప్పుడు అది ఏ రకం తప్పో విడదీయడంలో తర్కం బాగా ఉపయోగపడుతుంది. రోగి నెత్తుటిలో గ్లూకాన్ లేకపోయినా పరీక్ష గొట్టంలో బయటి నుంచి చేరిందనుకుందాం. హేతువు పక్షంలోనే లేదు, ఇది స్వరూపాసిద్ధం. ఇంకొక రోగికి సెల్యులోజ్ పొరతో డయాలిసిస్ చేశారు, లేదా ఇమ్యూనోగ్లోబులిన్ ఎక్కించారు, లేదా ఆపరేషన్‌లో గాజుగుడ్డ ఎక్కువ వాడారు. గ్లూకాన్ నిజంగానే నెత్తుటిలో ఉంది, ఫంగస్ మాత్రం లేదు. ఇక్కడ తెగింది వ్యాప్తి, ఇది సవ్యభిచారం. ల్యాబ్ భాషలో రెండూ ఫాల్స్ పాజిటివ్‌లే. కానీ మొదటిదానికి మందు ఇంకోసారి నెత్తురు తీయడం. రెండోదానికి ఎన్నిసార్లు తీసినా లాభం లేదు, రోగి చరిత్ర చదవాలి.

రెండో వైపు, అంటే ఫంగస్ ఉన్నా పరీక్షకు చిక్కకపోవడం, మరీ ప్రమాదకరం. నిప్పు ఉంది కాబట్టి పొగ ఉండాలి అనడాన్ని నైయాయికులు, అంటే న్యాయదర్శన తార్కికులు, ఒప్పుకోరు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. తడి కట్టె అనే ఉపాధి, అంటే అదనపు షరతు, తోడైతేనే నిప్పుకు పొగ. ఫంగస్ ఉన్నా, తగినంత గ్లూకాన్ ఉన్న గోడ అనే ఉపాధి లేకపోతే నెత్తుటికి గుర్తు చేరదు. 2021లో కోవిడ్ రెండో ఉధృతి వెంట మ్యూకర్‌మైకోసిస్ వచ్చినప్పుడు, జనం బ్లాక్ ఫంగస్ అన్నది ఇలాంటి ఇనుప గుండే. గ్లూకాన్ పరీక్ష ఆ ఫంగస్‌ను పట్టదు, గాలక్టోమన్నానూ అంతే. ముక్కు లోపలి కణజాలం తీసి, మైక్రోస్కోపు కింద వెడల్పాటి పోగులను చూడాల్సి వచ్చింది. అది కాయను పగలగొట్టి చూడడమే.

న్యాయదర్శనపు తర్వాతి శాఖ నవ్యన్యాయం పక్షత అనే మాట మీద చాలా చర్చ చేసింది. పక్షంలో సాధ్యం ఉందా లేదా అన్న సందేహం ఉన్నప్పుడే అనుమానానికి పని అని పాత మతం. దాన్ని తర్వాతివారు సవరించారు. వైద్యంలో ఈ ముందస్తు సందేహం విలువ లెక్క వేస్తే తెలుస్తుంది. ఐసీయూకు వచ్చిన 1000 మందిలో 30 మందికి ఫంగల్ సెప్సిస్ ఉందనుకుందాం. ఉన్నవారిలో 80 శాతాన్ని పట్టి, లేనివారిలో 80 శాతాన్ని వదిలే పరీక్ష అందరికీ చేస్తే, 24 మంది నిజంగా పట్టుబడతారు. లేని 970 మందిలో 194 మందికి కూడా పాజిటివ్ వస్తుంది. పాజిటివ్ వచ్చిన తొమ్మిదిమందిలో ఒకరికే జబ్బు. నెగటివ్ వచ్చిన 782 మందిలో తప్పిపోయేవారు ఆరుగురే. అంటే ఈ లింగం ఉనికి కంటే లేమి ఎక్కువ నమ్మదగింది, మ్యూకర్ లాంటి ఇనుప గుండ్లను మినహాయిస్తే. కడుపు ఆపరేషన్ కుట్లు విప్పుకున్నవారు, సెంట్రల్ లైన్‌తో వారాలుగా ఉన్నవారు వంటి గట్టి సందేహం ఉన్న పక్షాలకే పరీక్ష పరిమితం చేస్తే పాజిటివ్‌కూ బలం వస్తుంది.

అయితే ఎన్ని చోట్ల చూసినా వ్యాప్తి తెగదని ఎవరు హామీ ఇస్తారు? ప్రత్యక్షాన్ని మాత్రమే ప్రమాణంగా ఒప్పుకునే చార్వాకుల ఆక్షేపణ ఇది. నైయాయికుడు ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో ఇచ్చిన జవాబు సారాంశం: శంకకు హద్దు మనిషి నడతే. ఆకలికి అన్నం, చలికి నిప్పు వెతికేవాడు వాటి మీద శంక ఉందని చెప్పుకోలేడు. సెప్సిస్ వార్డులో ఈ జవాబు సగమే సరిపోతుంది. అక్కడి వైద్యుడు శంక ఉండగానే మందు మొదలుపెడతాడు, ఎందుకంటే ఆలస్యం కూడా ఒక నిర్ణయమే.

అలాగని ముందుగా తెలిస్తే మేలు తప్పదనీ అనలేం. జర్మనీలో జరిగి 2022లో వెలువడిన కాండిసెప్ అధ్యయనంలో, గ్లూకాన్ ఆధారంగా చికిత్స చేసినవారికి ఫంగస్ మందు మధ్యగత (మీడియన్) లెక్కన 1.1 రోజుల్లో మొదలైంది. కల్చర్ కోసం ఆగినవారికి 4.4 రోజులు పట్టింది. 28 రోజుల్లో చనిపోయినవారు రెండు గుంపుల్లోనూ సుమారు మూడో వంతు. గ్లూకాన్ గుంపులో మాత్రం ఫంగస్ మందు చాలా ఎక్కువమందికి వెళ్లింది. జ్ఞానం సఫలమైన ప్రవృత్తికి దారితీయడమే దాని ప్రామాణ్యానికి గుర్తు అన్న న్యాయ సిద్ధాంతం ముందు ఈ ఫలితం ఇబ్బందికరంగా నిలుస్తుంది.

అందువల్ల కొందరు వైద్యులు గ్లూకాన్‌ను మందు మొదలుపెట్టడానికి కంటే ఆపడానికి వాడతారు: వరుసగా నెగటివ్‌లు వచ్చి, కల్చర్ కూడా ఖాళీగా ఉంటే మందు మానేస్తారు. కల్చర్‌లో ఫంగస్ పెరిగిందంటే నిర్ణయం దానిదే. అది ఏ జాతి, ఏ మందుకు లొంగుతుంది అన్నది గ్లూకాన్ చెప్పలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జాబితాలో అత్యంత ప్రమాదకర వర్గంలో చేర్చిన కాండిడా ఆరిస్ చాలాసార్లు ఫ్లూకోనజోల్‌కు లొంగదు. ఆ సంగతి ప్లేటు మీద పెరిగిన ఫంగస్‌ను పరీక్షించాకే తెలుస్తుంది.