కొలతా, ఋణమూ

శ్రీవిల్లిపుత్తూరు ఆండాళ్ గుడి దగ్గర పూలమ్మే ఆడవాళ్ళు దండను మూరల్లో కొలిచి ఇస్తారు. తమిళంలో మొళం, మన ఇళ్ళల్లో మూర. మోచేతి నుంచి నడివేలి కొస దాకా ఒక మూర. చేయి పొడుగైతే మూర పెద్దది. మా ఆవిడ ఎప్పుడూ పొడుగు చేతుల అవ్వ దగ్గరే కొనేది. ఆ అవ్వ పూలు పలచగా కడుతుందని, చేయి పొట్టిదైన పక్కావిడ దండలోనే పూలు ఎక్కువని మాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. మూర దండ పొడుగు చెబుతుంది. పూలెన్నో చెప్పదు. వాసన సంగతి అసలే చెప్పదు.

ఇది ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం మా అక్క మనవరాలు. చెన్నైలో జీవవైద్య పరిశోధన చేస్తోంది. పొంగల్ సెలవులకు ఇంటికి వచ్చి, ఉద్యోగానికి దరఖాస్తు నింపుతూ కూర్చుంది. అందులో మూడు గడులు. ఎన్ని పరిశోధన వ్యాసాలు అచ్చయ్యాయి? వాటిని ఇతరులు ఎన్నిసార్లు ఉటంకించారు? హెచ్-ఇండెక్స్ ఎంత? "ఆరేళ్ళు నేను చేసిందంతా ఈ మూడు అంకెలేనా తాతా?" అని అడిగింది. ముప్ఫై ఏళ్ళు వైద్య కళాశాలలో జీవరసాయనం చెప్పినవాణ్ణి. జవాబు వెంటనే రావాలి. రాలేదు. ఎందుకు రాలేదో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఆ గడుల సంగతి. శాస్త్రజ్ఞుడు వ్యాసం రాసేటప్పుడు, తాను ఎవరి పని మీద ఆధారపడ్డాడో వాళ్ళ వ్యాసాలను చివర పేర్కొంటాడు. అదే సైటేషన్, ఉటంకింపు. అమెరికాలో యూజీన్ గార్ఫీల్డ్ అనే ఆయన 1955లో ఈ ఉటంకింపులన్నిటికీ ఒక సూచిక ఉండాలని ప్రతిపాదించాడు. 1960లలో ఆయన సంస్థే దాన్ని అచ్చు వేసింది. ఒక భావం ఎక్కడ పుట్టి ఎక్కడెక్కడికి పోయిందో, దాన్ని ఎవరు ఒప్పుకున్నారో, ఎవరు కాదన్నారో వెతుక్కోవడానికి అది దారి చూపే పటం. తర్వాత ఆ పటమే తక్కెడ అయింది. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు హెచ్-ఇండెక్స్ చెప్పాడు. ఒకరి వ్యాసాల్లో పది వ్యాసాలు, ఒక్కొక్కటి కనీసం పదిసార్లు ఉటంకింపు పొందితే ఆయన హెచ్ పది. ఐదే వ్యాసాలు రాసినవాడి హెచ్ ఐదు దాటదు, ఆ ఐదూ లోకాన్ని తలకిందులు చేసినా సరే.

ఈ లెక్కలో మన వాడొకణ్ణి నిలబెట్టి చూద్దాం. కోవిల్‌పట్టి, సాత్తూరు అగ్గిపెట్టెల పక్కన పూసే ఎర్ర పూతలో ఉండేది భాస్వరం. మన ఎముకల్లో, రక్తంలో, కండల్లో కూడా భాస్వరం ఉంది. రక్తంలో అదెంత ఉందో కొలిచే పద్ధతిని 1925లో హార్వర్డ్‌లో ఇద్దరు ప్రకటించారు. దాని పేరు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి. ఆ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివిన ఎల్లాప్రగడ సుబ్బారావు. నేను ఏళ్ళ తరబడి ఆ పేరు నల్లబల్ల మీద రాశాను. ఇంగ్లీషు పుస్తకాల్లో ఆ పేరు రాసిన తీరు చూసి మా పిల్లలు ఆయన ఎవరో తెల్లవాడనుకునేవారు. మన భాషవాడేనని చెబితే నమ్మేవారు కాదు.

ఆ 1925 నాటి వ్యాసాన్ని తర్వాతి పరిశోధకులు వేలసార్లు ఉటంకించారు. అయినా హెచ్ లెక్కలో అది ఒక్క వ్యాసమే. 1929లో ఫిస్కే, ఆయన కలిసి కండరాల్లోని ఏటీపీ అనే పదార్థం సంగతి చెప్పారు. అదే ఏడు జర్మనీలో లోమన్ వేరుగా చెప్పాడు. ఇవాళ బడిపిల్లలు కూడా ఏటీపీ అంటారు. దాన్ని గురించి రాసేవాళ్ళు ఎవరూ 1929 వ్యాసాన్ని ఉటంకించరు. అందరికీ సొంతమైన జ్ఞానానికి ఉటంకింపులు ఆగిపోతాయి. బావి తవ్వించినవాడి పేరు తలుచుకుని ఎవరూ నీళ్ళు తాగరు గదా.

సుబ్బారావు 1940లో లెడర్లే మందుల సంస్థకు వెళ్ళాడు. అక్కడ ఆయన నడిపిన పరిశోధనలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేశారు. 1945లో వచ్చిన ఆ వ్యాసం మీద పదహారుమంది పేర్లున్నాయి. ఆయన పేరు మధ్యలో ఎక్కడో ఉంది. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్ అక్కడే తయారైంది. దాన్ని రక్త క్యాన్సర్ పిల్లలకిచ్చి, తాత్కాలికంగానైనా వ్యాధి తగ్గిందని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్, మరి నలుగురు 1948లో రాశారు. ఆ అయిదు పేర్లలో సుబ్బారావు లేడు. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వ్యాసం డగ్గర్ పేరు మీద వచ్చింది. ఫైలేరియాకు ఇచ్చే డైఇథైల్ కార్బమజైన్ కూడా ఆ ప్రయోగశాల నుంచి 1947లో వచ్చిందే. ఆ మాత్రను మన దేశంలో కోట్లమంది మింగారు. మన ఊళ్ళ ఆరోగ్య కేంద్రంలో గర్భిణులు ఐరన్‌తో పాటు ఫోలిక్ ఆమ్లం మాత్ర మింగుతున్నారు. మింగడం ఉటంకింపు కాదు. ఏ సూచికలోనూ ఎక్కదు.

ఇంతవరకు చదివి, అయితే అంకెలు దొంగవి, వాటిని అవతల పారేద్దాం అని మీరనుకుంటే, ఒక్క నిమిషం ఆగండి. సుబ్బారావుకు హార్వర్డ్‌లో స్థిరమైన పదవి దక్కలేదు. అప్పుడు అంకెలెక్కడివి? మనుషులే తూచారు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాలు ఫిస్కే అసూయవల్ల వెలుగు చూడలేదని, వాటిని తర్వాత ఇతరులు మళ్ళీ కనుక్కోవలసి వచ్చిందని జార్జి హిచింగ్స్ చెప్పాడు. 1988లో నోబెల్ బహుమతి అందుకున్న ఆ హిచింగ్స్ కూడా హార్వర్డ్‌లోనే చదివినవాడు. అంతకు ముందు మద్రాసులో ఖద్దరు కోటు వేసుకున్నందుకు ఆచార్యుడికి కోపం వచ్చి, సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. బదులు దానికి తక్కువైన ఎల్.ఎం.ఎస్. పట్టా దక్కిందని ఆయన జీవితచరిత్రల్లో ఉంది. మనిషి తీర్పు అంకె కన్నా మెత్తనిదని ఎవరు చెప్పగలరు? సిఫార్సు లేనివాడికి, పలానా వారి అబ్బాయి కానివాడికి, ఇంట్లో ఒక భాష బడిలో ఒక భాషగా పెరిగిన మనబోటివాడికి అంకె ఒక నీడ. "నా వ్యాసాలు ఇన్ని, లెక్క చూసుకోండి" అనగలగడం చిన్న ధైర్యం కాదు. నాకు మొదటి పదోన్నతి వచ్చింది ఆ ధైర్యంతోనే.

కాబట్టి ప్రశ్న కొలవాలా వద్దా అని కాదు. కొలత నియమాలు పాటిస్తున్నామా అన్నది. ఫిస్కే-సుబ్బారావు పద్ధతే చూడండి. రక్తపు రసిలోని భాస్వరానికి మాలిబ్డేట్ కలిపి, మరో ద్రావణం చేరిస్తే నీలిరంగు వస్తుంది. ఎంత భాస్వరమో అంత నీలం. కానీ ఆ నీలాన్ని ఒంటరిగా చూసి ఎవరూ అంకె వెయ్యరు. పక్కన భాస్వరం లేని గొట్టం ఒకటి పెట్టాలి, అది బ్లాంక్. ఇంత భాస్వరమని ముందే తెలిసిన గొట్టం ఒకటి పెట్టాలి, అది స్టాండర్డ్. చెప్పిన నిమిషానికే చదవాలి, ఆలస్యమైతే రంగు మారుతుంది. నెత్తురు తీసేటప్పుడు కణాలు చితికితే వాటిలోని భాస్వరం బయటికొచ్చి అంకె అబద్ధంగా పెరుగుతుంది. మరీ ముదురు నీలమైతే పలచన చేసి మళ్ళీ చూడాలి. మొదటి సంవత్సరం విద్యార్థి ఇవి మరచిపోతే నేను రికార్డు మీద సంతకం పెట్టేవాణ్ణి కాదు.

మనిషిని కొలిచేటప్పుడు ఇందులో ఒక్కటైనా పాటిస్తామా? జీవవైద్యంలో ఉటంకింపులు త్వరగా, గుట్టలుగా పడతాయి. గణితంలో నెమ్మదిగా పడతాయి. రెంటికీ స్టాండర్డ్ ఒకటి కాదు. పద్ధతి చెప్పిన వ్యాసానికి ఉటంకింపులు ఎక్కువ. 1951లో లౌరీ బృందం ప్రొటీను కొలత మీద రాసిన వ్యాసానికి, 2014లో లెక్క తీస్తే, మూడు లక్షలు దాటాయి. తన వ్యాసాన్ని తానే ఉటంకించుకోవడం, స్నేహితులు ఒకరినొకరు ఉటంకించుకోవడం కణాలు చితికిన నెత్తురు లాంటివి. మన దేశంలో 2010 నుంచి కళాశాల ఉపాధ్యాయుల పదోన్నతికి వ్యాసాలను పాయింట్లుగా లెక్కించే విధానం వచ్చింది. డబ్బు పుచ్చుకుని ఏదైనా అచ్చేసే పత్రికలు పుట్టగొడుగుల్లా లేచాయి. 2018లో యు.జి.సి. తన ఆమోద జాబితా నుంచి 4,305 పత్రికలను తీసేయవలసి వచ్చింది. పత్రిక అంకెను బట్టి మనిషిని తూచకండి, వ్యాసాన్ని చదవండి అని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కూడిన శాస్త్ర పత్రికల సంపాదకులు ఒక ప్రకటన తయారు చేశారు. చదవడానికి సమయం పడుతుంది. కూడడానికి పట్టదు. కథంతా అక్కడే ఉంది.

ఇక నా సంగతి. ఆ పాయింట్ల పద్ధతి వచ్చిన కొత్తలో ఒక కళాశాలలో ఎంపిక కమిటీలో కూర్చున్నాను. ఉద్యోగం ఒకటి, మిగిలింది ఇద్దరు. ఒకాయనకు 38 వ్యాసాలు. ఒకావిడకు 7. ఆవిడ ఎనిమిదేళ్ళపాటు మన కరిసల్ పల్లెల్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ నెత్తురు సేకరించి, ఇక్కడివాళ్ళకు మామూలు విలువలు ఎంతెంత ఉంటాయో పట్టిక వేసింది. అంతకు ముందు మేము వాడింది విదేశీ పుస్తకాల్లోని విలువలు. ఆ పట్టిక ఒక చిన్న పత్రికలో అచ్చయింది. దానికి ఉటంకింపులు 11 అని ఎదుట కాగితంలో ఉంది. "పదకొండేనా?" అన్నారొకరు. నేను నోరెత్తలేదు. ఉద్యోగం 38కి పోయింది.

ఆ రాత్రి బస్సులో తిరిగి వస్తుంటే తట్టింది. ఆ పట్టిక నా ప్రయోగశాల గోడమీద అతికించి ఉండేది. నా వ్యాసాల్లో రెండింటిలో ఆ విలువలే వాడాను. అందరికీ తెలిసినవే గదా అని ఆమె వ్యాసాన్ని ఉటంకించలేదు. ఆ కాగితం మీద 11 కాదు, 13 ఉండాలి. ఏ లోటు చూసి ఆమెను తగ్గించామో ఆ లోటులో రెండు నావి. నాలాంటివాళ్ళు ఇంకెందరో నాకేం తెలుసు?

ఉటంకింపు అంటే ఏమిటో నాకు ఆ బస్సులోనే అర్థమైంది. అది రాయించుకున్నవాడి ఆస్తి కాదు, రాసినవాడి ఋణపత్రం. నీ దగ్గర ఇది పుచ్చుకున్నాను అని ఒప్పుకోవడం. అప్పు ఒప్పుకోవడం పుచ్చుకున్నవాడి ధర్మం. ఆ పత్రాలను పోగుచేసి, ఎన్నుంటే అంత గొప్పవాడని లెక్కించడం మొదలుపెట్టాక, అప్పు లేనిచోట పత్రాలు పుడతాయి, అప్పున్నచోట మాయమవుతాయి. అంకె సాక్షిగా పనికొస్తుంది. తీర్పరిగా పనికిరాదు. సాక్షిని అడ్డుప్రశ్నలు వేయకుండా నమ్మిన తీర్పరి దోషం సాక్షిది కాదు. ఆ రోజు బల్లకు ఇవతల కూర్చున్నవాడిది, అంటే నాది.

మా అక్క మనవరాలికి ఇదంతా చెప్పి, "ఆ మూడు గడులూ నింపు తల్లీ, నిజమే వెయ్యి. నీ వ్యాసాల చివర మాత్రం అప్పున్నవాళ్ళను ఒక్కరినీ వదలకు. వాళ్ళ పత్రిక చిన్నదైనా సరే" అన్నాను. "మీరు ఆవిడకు చెప్పారా తాతా?" అని అడిగింది. చెప్పలేదు. ఆవిడ ఆ ఏడే ఊరు వదిలి వెళ్ళిపోయింది. ఎక్కడుందో కనుక్కోవడానికి నేను పెద్దగా ప్రయత్నించలేదన్నది కూడా నిజమే.

ఆవిడ అనుమతి లేనిదే పేరు రాయకూడదు గనక రాయడం లేదు. మన మాసపత్రికను ఏ సూచికా లెక్కపెట్టదు. అయినా ఇక్కడ రాసుకుంటున్నాను: నా రెండు వ్యాసాల్లోని మామూలు విలువలు ఆవిడవి. నేను సంపాదించినవి కావు.