ఉలి ముగించని పని: జపాన్ దారు బుద్ధ ప్రతిమల పునరుద్ధరణ – ఒక నైతిక ప్రశ్న

ఒక కళ పునరుద్ధరణ పొందిందని ఎప్పుడు అనవచ్చు? పనితనం తిరిగి చేతికి వచ్చినప్పుడా, ఆ పనికి ప్రయోజనం తిరిగి సమకూరినప్పుడా? జపాన్‌లో కొయ్యతో బుద్ధ ప్రతిమలు చెక్కే సంప్రదాయం ఈ రెండింటినీ వేరుచేసి చూడవలసిన అవసరాన్ని కల్పిస్తుంది.

1868లో మేజీ ప్రభుత్వం షింతో ఆరాధనను బౌద్ధం నుండి విడదీసింది. ఆ వెంటనే చెలరేగిన బౌద్ధ వ్యతిరేకతలో అనేక ప్రతిమలు ధ్వంసమయ్యాయి. శిల్పులకు పని కరువైంది. బుద్ధ ప్రతిమాశిల్పి వద్ద శిష్యరికం చేసిన తకమురా కోఉన్ 1889లో టోక్యో లలితకళా పాఠశాలలో అధ్యాపకుడయ్యాడు. 1893 షికాగో ప్రదర్శనలో ఆయనకు పేరు తెచ్చినది బుద్ధుడు కాదు, ఒక ముసలి కోతి. కొయ్యపని బతికింది, బతకడానికి బుద్ధుణ్ణి విడిచింది. ఇది నింద కాదు. ఆ మార్గమే లేకుంటే నేడు పునరుద్ధరించడానికి ఉలి పట్టే చేయి కూడా మిగిలేది కాదేమో.

అయితే నైపుణ్యమే ఈ కళకు ప్రాణమనుకుంటే 17వ శతాబ్దపు సంచార భిక్షువు ఎన్‌కూ అడ్డువస్తాడు. 1203లో ఉన్‌కేయి, కైకేయిల బృందం ఎన్నో కొయ్యముక్కలను కూర్చి, తోదైజీ మహాద్వారంలో ఎనిమిది మీటర్లకు మించిన ద్వారపాలకులను నిలిపింది. ఎన్‌కూ మాత్రం చీల్చిన మొద్దు మీద ఉలి గాట్లను నునుపు చేయకుండానే వదిలాడు. ఆయన ప్రతిమలు ఐదువేలకు పైగా నేటికీ మిగిలి ఉన్నాయి. గ్రామీణులు వాటిని కొలిచారు.

ఈ సందర్భంలో ఒక ఆచారం గమనార్హం. ప్రతిమను మరమ్మతుకు ఇచ్చేముందు భిక్షువు అందులోని దైవసాన్నిధ్యాన్ని ఉపసంహరించే విధి జరుపుతాడు. అప్పుడది కొయ్య మాత్రమే. శిల్పి సంకోచం లేకుండా ఊడదీయవచ్చు. పని ముగిశాక మళ్లీ కన్నులు తెరిపించే విధి ఉంటుంది. మన ఆగమాల్లోని నేత్రోన్మీలనం, ప్రాణప్రతిష్ఠ తెలిసినవారికి ఇది అపరిచితం కాదు. అంటే శిల్పి పని శిల్పితోనే పూర్తికాదని ఆ సంప్రదాయమే ఒప్పుకుంటున్నది. కేవలం శిక్షణాలయాలతో, ప్రదర్శనలతో సాగే పునరుద్ధరణ ఆ ప్రమాణం ప్రకారమే అసంపూర్ణం.

ఇంతవరకు వాదం సులువుగానే నడిచింది. కాని నేడు జపాన్‌లో ప్రతిమలు చెక్కడం నేర్చుకునేవారిలో వృత్తి శిల్పులు కానివారూ ఉన్నారు. వారిలో ఒకరు గతించిన తల్లి కోసం చిన్న కన్నన్ ప్రతిమను చెక్కి, ఏ విధీ జరపకుండా ఆమె ఫొటో పక్కన నిలిపారనుకుందాం. నా ప్రమాణం ప్రకారం అది ఇంకా కొయ్యే. అయినా దానిని కాలక్షేపపు వస్తువుల జాబితాలో చేర్చడానికి నాకు మనసొప్పడం లేదు.